పాత కేసు కొత్త శిక్షను ఎలా పెంచుతుంది?

ఎపిసోడ్‌లో చెప్పుకున్నదే, ఇక్కడ క్లుప్తంగా.

యూయింగ్ అనే వ్యక్తి 2000లో కాలిఫోర్నియాలో మూడు గోల్ఫ్ కర్రలు దొంగిలించాడు. ఒక్కోటి 399 డాలర్లు. పడిన శిక్ష 25 ఏళ్ల నుంచి యావజ్జీవం! కారణం పాత కేసులు: అపార్ట్‌మెంట్లలో మూడు దొంగతనాలు, ఒక దోపిడీ. అక్కడ 1994 నుంచి 'త్రీ స్ట్రైక్స్' చట్టం ఉంది. ఆ శిక్ష చెల్లుతుందని 2003లో సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో తేల్చింది.

2012లో ఓటర్లు చట్టాన్ని సడలించారు. మూడో నేరం కూడా తీవ్రమైనదైతేనే సాధారణంగా యావజ్జీవం. కొద్దిపాటి డ్రగ్స్ దగ్గర పెట్టుకున్నందుకు ఇప్పుడు అంత శిక్ష పడదు. కానీ మనుషులుండే ఇంట్లో దొంగతనానికి చొరబడితే అది ఇప్పటికీ స్ట్రైకే.

మనవాళ్లకి ఇంకో చిక్కుంది. పౌరసత్వం లేకపోతే, గ్రీన్‌కార్డు ఉన్నా సరే, డ్రగ్స్ కేసు రుజువైతే దేశం నుంచి పంపేయొచ్చు. సొంతానికి 30 గ్రాములు దాటని గంజాయితో ఒకే ఒక్కసారి దొరికితే మాత్రం ఇందులో మినహాయింపు ఉంది.

అందుకే "జైలు ఉండదు, గిల్టీ అని ఒప్పేసుకో" అంటే తొందరపడకండి. దేశం నుంచి పంపేసే ప్రమాదం ఉంటే లాయరు ముందే చెప్పాలని 2010లో పాడిలా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అడగండి, అది మీ హక్కు.