నరం చిట్లిన తర్వాత పద్నాలుగు రోజులు

“ఆపరేషను బాగా జరిగిందన్నారు. కళ్లు తెరిచాడు, గంజి తాగాడు, అందర్నీ గుర్తుపట్టాడు. మరి ఇంకా ఎందుకు ఉంచుకున్నారండీ?”

మెదడులో నరం చిట్లిన రోగి బంధువులు అయిదో రోజుకల్లా ఈ ప్రశ్న వేస్తారు. మధిర ప్రాంతంలో కల్లంలో మిరపకాయలు ఆరబోసి వచ్చినవారైతే ఇంకా ముందే వేస్తారు. ఇలాంటి ఆపరేషనుకు మనవాళ్లు ఖమ్మమో, విజయవాడో, హైదరాబాదో పోవలసిందే. అక్కడ ఒక్కో రోజూ ఖర్చే గదా! అయినా ఆ ప్రశ్నకు జవాబు తెలిసి ఉండడం మంచిది.

మనం నరం అంటాము గాని, చిట్లేది రక్తనాళం. మెదడు అడుగున ఒక నాళం బుడగలా ఉబ్బి పగిలితే, మెదడు చుట్టూ ఉన్న పొరల మధ్య రక్తం చేరుతుంది. పిడుగు పడినట్టు తలనొప్పి, వాంతి, మెడ బిగుసుకోవడం, ఒక్కోసారి స్పృహ తప్పడం దాని గుర్తులు. వడదెబ్బనో గాలి సోకిందనో ఇంట్లో ఉంచి, ఊళ్లో సూది వేయించి కాలయాపన చేసిన కుటుంబాలు లేకపోలేదు. మొదటి 24 గంటల్లోనే మళ్లీ పగిలే భయం ఎక్కువ. అందుకే డాక్టర్లు ఆ ఉబ్బుకు క్లిప్పు పెట్టి గాని, లోపల సన్నని తీగచుట్ట నింపి గాని మూసివేస్తారు.

అయితే గండం అంతటితో గడవదు. బయటికి వచ్చిన రక్తం కరిగేకొద్దీ దాని ప్రభావం వల్ల చుట్టుపక్కల నాళాలు ముడుచుకుపోతాయి. ఇది సాధారణంగా మూడు నాలుగు రోజులకు మొదలై, వారానికి ఎక్కువై, రెండు వారాల వరకు ఉంటుంది. నిన్న నవ్వుతూ మాట్లాడిన మనిషి ఈరోజు మగతగా పడి ఉండవచ్చు, చెయ్యి ఎత్తలేకపోవచ్చు.

ఈ ముడుపును ముందుగా పసిగట్టేందుకే తలకు అల్ట్రాసౌండ్ పరీక్ష. స్కానింగ్ అంటే గర్భిణులకే అనుకుంటాము. 1982లో నార్వే దేశస్థుడు రూనె ఆస్లిడ్ కణత దగ్గర పలుచని ఎముక గుండా శబ్దతరంగాలు పంపి, మెదడు నాళాల్లో రక్తం పరుగును కొలిచే విధానం చూపించాడు. కాలువ ఇరుకైన చోట నీరు వడిగా పోవడం రైతుకు తెలిసిందే. ఇదీ అంతే. మెదడు మధ్య నాళంలో రక్తం సెకనుకు సగటున సుమారు 60 సెంటీమీటర్లు పోతుంది. అది 120 దాటితే అనుమానం, 200 దాటితే తీవ్రమని భావిస్తారు. జ్వరం వచ్చినా, రక్తం తక్కువైనా వేగం పెరుగుతుంది కనుక మెడలోని నాళంతో పోల్చి చూస్తారు. ఒక్క రోజు అంకె కన్నా రోజురోజుకూ అది ఎలా పెరుగుతున్నదో ముఖ్యం. అందుకే పదేపదే చేస్తారు. సూది లేదు, నొప్పి లేదు, మంచం పక్కనే అయిపోతుంది.

ఈ పరీక్షకూ హద్దులున్నాయి. కొందరికి, ముఖ్యంగా వయసు మళ్లిన స్త్రీలకు, కణత ఎముక మందమై శబ్దం లోపలికి పోదు. చిన్న నాళాల ముడుపు దీనికి అందదు. నా మట్టుకు గంటగంటకూ రోగిని పలకరించి చెయ్యి ఎత్తించే నర్సు ఈ యంత్రానికి తక్కువది కాదు. రక్తపోటు వల్ల మెదడు లోపలే రక్తం గడ్డకట్టినవారి సంగతి వేరు, వారికి ఈ రోజువారీ పరీక్ష సాధారణంగా అవసరపడదు.

ముడుపు కనబడితే మందులతో రక్తపోటు పెంచుతారు. అవసరమైతే నాళంలోకే మందు ఎక్కిస్తారు. బి.పి. పెంచుతున్నారేమిటని బంధువులు హడలిపోతారు గాని, ఇరుకైన నాళంలోంచి రక్తం నెట్టడానికే అది.

ఇక నిమోడిపిన్ అనే మాత్ర. సాధారణంగా నాలుగు గంటలకొకసారి, రాత్రి కూడా లేపి, 21 రోజులు ఇస్తారు. మధ్యలో ఇంటికి పంపినా ఆ లెక్క పూర్తి కావాలి. ఎన్ని రోజులు మిగిలాయో డిశ్చార్జి కాగితం మీద రాయించుకుని, మధిర రైలు ఎక్కకముందే సరిపడా మాత్రలు కొనుక్కోండి. ఊళ్లో మందుల షాపులో అవి దొరకకపోవచ్చు.