గుండెకు తాళం వేసే యంత్రం

మనిషి తన ఒంట్లోకి యంత్రాన్ని ఎంతవరకు రానిస్తాడన్న చర్చ వచ్చినప్పుడల్లా మెదడులో చిప్పులు, లోహపు చేతుల మాటే వినిపిస్తుంది. గుండె తాళం తప్పకుండా విద్యుత్తుతో తట్టే పేస్‌మేకర్ ఎవరికీ గుర్తురాదు. అరవై ఏళ్లకు పైగా లోపలే ఉండి నోరెత్తకుండా పని చేసుకుపోతోంది కాబట్టి కావచ్చు.

మొదట్లో అదొక పెట్టె. గోడ ప్లగ్గుకు తగిలించాలి, రోగి ఆ తీగ సాగినంత మేరే నడవాలి. 1957 అక్టోబర్ 31న అమెరికాలోని మినియాపొలిస్‌లో కరెంటు పోయింది. బ్యాటరీతో నడిచేది కావాలని గుండె శస్త్రవైద్యుడు లిల్లెహై అడిగితే, ఆస్పత్రి పరికరాలు బాగుచేసే ఎర్ల్ బాకెన్ ఒక పత్రికలో చూసిన మెట్రోనోమ్ సర్క్యూట్‌ను మార్చి కొన్ని వారాల్లోనే చేసిచ్చాడు. మెట్రోనోమ్ అంటే సంగీతం నేర్చుకునేవాళ్లకు లయ తప్పకుండా టిక్కుటిక్కుమనే పరికరం!

మరుసటి ఏడాది యంత్రం ఒంట్లోకే వెళ్లింది. స్వీడన్‌లో 43 ఏళ్ల ఆర్నె లార్సన్‌కు గుండె పైగది ఇచ్చే విద్యుత్ సంకేతం కిందిగదికి చేరక రోజూ పలుమార్లు స్పృహ తప్పేది. భార్య ఎల్సె-మారీ వైద్యుడు సెనింగ్‌నీ ఇంజనీరు ఎల్మ్‌క్విస్ట్‌నీ వదలకుండా వెంటపడింది. బూట్ల పాలిష్ డబ్బాను అచ్చుగా పెట్టి, రెండు ట్రాన్సిస్టర్ల చుట్టూ ఎపాక్సీ పోసి ఎల్మ్‌క్విస్ట్ దాన్ని తయారుచేశాడు. 1958 అక్టోబర్ 8న అమర్చారు. కొన్ని గంటలకే ఆగిపోయింది. ఇంకోటి పెట్టారు. ఇరవైకి పైగా పేస్‌మేకర్లు మార్చుకున్న లార్సన్ సెనింగ్, ఎల్మ్‌క్విస్ట్ ఇద్దరికన్నా ఎక్కువ కాలం బతికి, 2001లో 86వ ఏట క్యాన్సర్‌తో పోయాడు.

తర్వాత వచ్చినవి గుండెను గమనిస్తూ ఉండి, అది తడబడినప్పుడే అందుకుంటాయి. 1970లలో వచ్చిన లిథియం బ్యాటరీతో ఆయుష్షూ పెరిగింది. ఇప్పుడు తీగలే లేకుండా గుండె లోపలే కూర్చునే రకమూ ఉంది, బరువు రెండు గ్రాములు.

నన్నడిగితే, ఒంట్లో ఎంత యంత్రముందన్నది పెద్ద చిక్కు కాదు. దాని పగ్గాలు ఎవరి దగ్గరున్నాయన్నదే అసలు చిక్కు. గోడ తీగ పోయింది గానీ, బయటి నుంచి పరికరంతో మాట్లాడే రేడియో సంకేతం వచ్చింది. హంతకులు దూరం నుంచే చొరబడతారేమోనన్న భయంతో అప్పటి అమెరికా ఉపాధ్యక్షుడు డిక్ చెనీ తన గుండె పరికరానికి 2007లో వైర్‌లెస్ తీయించేశారు. 2017లో దాదాపు 4,65,000 పేస్‌మేకర్లకు భద్రతా లోపం సరిచేసే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అవసరమైంది. దానికోసం రోగులు డాక్టరు దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది, ఫోన్‌లా ఇంట్లో కూర్చుని చేసుకునేది కాదు మరి.

మన ఇళ్లలో ఇంకో సంగతి తెలిసి ఉండాలి. దహనానికి ముందు పేస్‌మేకర్‌ను తీయించాలి. మంట తగిలితే ఆ బ్యాటరీ పేలవచ్చు.