పడటానికి ఓ సముద్రం
తరగతి గదిలో తప్పుల గురించి అపోహలు – వాస్తవాలు

శ్రీహరికోటలోని షార్ అంతరిక్ష కేంద్రంలో రాకెట్ ప్రయోగం ఉన్నరోజు సూళ్లూరుపేట, తడ, నాయుడుపేటల్లో జనం మిద్దెలెక్కుతారు. బడిపిల్లలు ఆవరణలోకి వచ్చి తూర్పుకేసి చూస్తూ నిలబడతారు. ముందు నిప్పుగీత కనబడుతుంది, కాసేపటికి ఉరుములాంటి మోత వినబడుతుంది. చప్పట్లు కొట్టి పిల్లలు మళ్లీ తరగతిలోకి వెళ్తారు. అక్కడ సారు బోర్డు మీద లెక్క వేసి "ఎవరు చేస్తారు?" అంటే చాలాసార్లు ఒక్క చెయ్యి కూడా లేవదు. లెక్క రాక కాదు, తప్పయితే ఏమవుతుందోనన్న భయంతో.

2022 జిల్లాల విభజనలో సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి వెళ్లినా, నెల్లూరు తీరంవాళ్లకు శ్రీహరికోట ఇప్పటికీ మనదే. పులికాట్ సరస్సు అవతల, తప్పుల నుంచే నేర్చుకుంటూ యాభై ఏళ్లకు పైగా పనిచేస్తున్న చోటు అది. ఇవతలి ఒడ్డున మాత్రం తప్పంటే వణికే తరగతులు ఎన్నో ఉన్నాయి. వాటి వెనక ఉన్న నమ్మకాలు కొన్ని నిజం కావు.

అపోహ: తప్పు చెప్పిన పిల్లవాణ్ణి అప్పుడే నలుగురిలో నిలదీయాలి. లేకపోతే ఆ తప్పే అలవాటవుతుంది.

వాస్తవం: 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి మన తొలి ఉపగ్రహ వాహకనౌక ఎస్‌ఎల్‌వీ-3 లేచింది. ఎత్తు 22 మీటర్లు, బరువు 17 టన్నులు. మొదటి దశ బాగానే పనిచేసింది. రెండో దశలో అదుపు తప్పి, ఐదు నిమిషాలు దాటేసరికి బంగాళాఖాతంలో పడిపోయింది. ఏళ్ల తరబడి చేసిన పని అది. ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాం. ఆ రోజు కంప్యూటర్ ప్రయోగాన్ని ఆపమంటే, నిపుణుల మాట మీద కానివ్వమన్నది తానేనని కలాం తర్వాత ఎన్నో సభల్లో ఒప్పుకున్నారు. అయినా విలేఖరుల ముందు కూర్చుని జవాబు చెప్పింది ఇస్రో అధ్యక్షుడు సతీష్ ధవన్. బాధ్యత తన మీద వేసుకున్నారు, తన బృందం మీద తనకు నమ్మకముందన్నారు. 1980 జులై 18న రెండో ప్రయత్నంలో రోహిణి ఉపగ్రహం కక్ష్య చేరినప్పుడు మాత్రం ధవన్ పక్కకు జరిగి, విలేఖరులతో మాట్లాడమని కలాంను పంపారు.

అంత మాత్రాన తప్పును ఎవరూ దాచలేదు. రెండో దశ నియంత్రణ వ్యవస్థలో ఒక వాల్వు ఇరుక్కుపోయి ఆమ్లం కారిపోయిందని తేల్చేదాకా వదల్లేదు. అంత లోతుకు తవ్వినవాళ్లు, మనిషిని మాత్రం నలుగురిలో దోషిగా నిలబెట్టలేదు.

నాకు ఇది చదివినప్పుడల్లా ఆరో తరగతి గుర్తొస్తుంది. బోర్డు మీద సగానికి మూడోవంతు కలపమంటే, పైవి పైవి, కిందివి కిందివి కూడి 2/5 అని రాశాను. అయ్యవారు దాన్ని చదివి వినిపించి తరగతినంతా నవ్వించారు. నేను పదో తరగతి దాటేదాకా లెక్కల్లో చెయ్యెత్తలేదు. ఆ రోజు ఆయన ఒక్క ప్రశ్న అడిగి ఉంటే చాలు: "రెండు బై ఐదు సగం కంటే ఎక్కువా, తక్కువా? సగానికి ఇంకొంచెం కలిపితే సగం కంటే తగ్గుతుందా?" భిన్నమంటే ఏమిటో ఆ తప్పు నుంచే తరగతికంతా అర్థమయ్యేది. నవ్వు వల్ల నాకు అర్థమైంది ఒక్కటే, నోరు మూసుకుని కూర్చోవాలని.

విద్యాహక్కు చట్టం, 2009లోని 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ఎగతాళి దెబ్బ కనబడదు కాబట్టి మనం దాన్ని లెక్కలోకి తీసుకోవడం లేదు.

అపోహ: భయం లేని తరగతి అంటే పట్టింపు లేని తరగతి. పిల్లలు చెడిపోతారు.

వాస్తవం: ప్రయోగకేంద్రం కోసం 1969లో శ్రీహరికోటనే ఎందుకు ఎంచుకున్నారో చూడండి. తూర్పు తీరం కావడం వల్ల భూభ్రమణం రాకెట్‌కు కలిసొస్తుంది. అంతకంటే ముఖ్యంగా, తూర్పున అంతా సముద్రమే. రాలిన దశలైనా, విఫలమైన రాకెట్ అయినా నీళ్లలో పడతాయి తప్ప ఊళ్ల మీద పడవు. ప్రయోగానికి ముందు మత్స్యకారులను ఆ వైపు వెళ్లొద్దని హెచ్చరిస్తారు. పడటానికి చోటు చూసుకున్న తర్వాతే ఎగరడం మొదలుపెట్టారు. అలాగని అక్కడ ఉదాసీనత లేదు. 2010 డిసెంబర్ 25న జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్06 రాకెట్ దారి తప్పితే, ఎగిరిన నిమిషానికే దాన్ని గాలిలో పేల్చేయమని ఆదేశం వెళ్లింది.

మన ఊళ్లలో కాలవలో ఈత నేర్పే పద్ధతీ ఇదే. వెనకటి రోజుల్లో పిల్లవాడి వీపుకు మునగబెండు కట్టి నీళ్లలోకి దింపేవాళ్లు. బెండు మునగనివ్వదు, కానీ చేతులూ కాళ్లూ ఆడించాల్సింది పిల్లవాడే. గట్టున కూర్చోబెట్టి ఎవరూ ఈత నేర్పలేదు, బెండు లేకుండా లోతులోకీ తోయలేదు. తరగతిలో భద్రత అంటే నేను అడుగుతున్నది ఆ బెండే. కష్టమైన లెక్క ఇవ్వాలి, తప్పును తప్పనే చెప్పాలి, మళ్లీ చేయించాలి.

అపోహ: తప్పులు కనిపించని నోటుపుస్తకం మంచి చదువుకు గుర్తు.

వాస్తవం: అమెరికాలో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990లలో ఆసుపత్రి బృందాలను పరిశీలించారు. మంచి బృందాల్లో మందుల విషయంలో పొరపాట్లు తక్కువ నమోదవుతాయని అనుకుంటే, ఎక్కువ నమోదయ్యాయి. ఎందుకా అని తరచి చూస్తే, అక్కడివాళ్లు జరిగిన పొరపాటును భయం లేకుండా బయటికి చెబుతున్నారు, మిగతా చోట్ల దాచేస్తున్నారు. మన ఇన్‌స్పెక్షన్ రోజు బల్ల మీద పేర్చిన ఫెయిర్ నోట్సులు చూసినప్పుడు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. గైడులో నుంచి ఎత్తి రాసిన జవాబుకు కొట్టివేతలు ఉండవు. పిల్లల ఆలోచన నడిచిన దారి రఫ్ పుస్తకంలో ఉంటుంది. దాన్ని మనం చిత్తుకాగితంగా అమ్మేస్తాం.

పసిబిడ్డ తొలి నడకను తెలుగువాళ్లం తప్పటడుగులు అంటాం. తప్పు ఆ మాటలోనే ఉంది. అయినా ఏ ఇంట్లోనూ ఆ అడుగులకు ఎర్రసిరా పెట్టరు. చేతులు చాచి ఎదురుగా కూర్చుంటారు.

అపోహ: సాహసాలు తెలివైన పిల్లలకు, డబ్బున్న బడులకు. సర్కారు బడి పిల్లలకు పాస్ అయితే చాలు.

వాస్తవం: దేశంలోని 75 ప్రభుత్వ బడుల నుంచి 750 మంది ఆడపిల్లలు చెన్నైకి చెందిన స్పేస్ కిడ్జ్ ఇండియా సాయంతో ఆజాదీశాట్ అనే చిన్న ఉపగ్రహం తయారు చేశారు. బరువు 8 కిలోలు. 2022 ఆగస్టు 7న ఎస్‌ఎస్‌ఎల్‌వీ అనే చిన్న రాకెట్ తొలి ప్రయోగంలో అది శ్రీహరికోట నుంచి వెళ్లింది. రెండో దశ విడిపోయేటప్పుడు పుట్టిన కంపనాలకు సెన్సర్ల లెక్క కొద్దిసేపు తప్పింది. 356 కిలోమీటర్ల ఎత్తున గుండ్రంగా తిరగాల్సిన ఉపగ్రహం, ఒక వైపు 76 కిలోమీటర్లకు దిగిపోయే కక్ష్యలో పడింది. ఉపగ్రహం ఇక పనికిరాదని ఇస్రో ఆ రోజే ప్రకటించింది. ఆ పిల్లల కష్టం పోయింది. కానీ కథ ఆగలేదు. ఇస్రో కారణం కనుక్కుంది, సరిచేసింది, ఆజాదీశాట్-2 తయారైంది. 2023 ఫిబ్రవరి 10న అదే తీరం నుంచి లేచి కక్ష్య చేరింది. ఆరు నెలల్లో ఆ ఆడపిల్లలు నేర్చుకున్నది ఏ బిట్ పేపరూ నేర్పలేదు.

ఇక తెలివైన పిల్లల సంగతి. 1998లో మ్యుయెలర్, డ్వెక్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు ఐదో తరగతి పిల్లల మీద చేసిన ప్రయోగాలు అచ్చయ్యాయి. "నువ్వు తెలివైనదానివి" అని పొగిడించుకున్న పిల్లలు తర్వాత తేలిక పనులు ఎంచుకున్నారు, ఒకసారి ఓడగానే నీరుగారిపోయారు. "బాగా కష్టపడ్డావు" అనిపించుకున్నవాళ్లు కష్టమైన పని కావాలన్నారు. ఫస్టు ర్యాంకు పిల్లలు సందేహం అడగడానికి ఎందుకు సిగ్గుపడతారో దీన్నిబట్టి ఊహించవచ్చు.

అపోహ: పోటీ పరీక్షల కాలంలో ఇవన్నీ కుదరవు. తెలియనిది వదిలేయడమే మేలు.

వాస్తవం: జేఈఈ మెయిన్‌లో, నీట్‌లో తప్పు జవాబుకు ఒక మార్కు పోతుంది నిజమే. మన ఈఏపీసెట్‌లో ఆ కోత కూడా లేదు. పరీక్ష హాల్లో పాటించాల్సిన జాగ్రత్తను స్టడీ అవర్‌లోకి తెస్తే మాత్రం నేర్చుకునే గంటలే పోతాయి. సింగపూర్ బడుల్లో మను కపూర్ చేసిన పరిశోధనలు ఇక్కడ పనికొస్తాయి. ముందు పాఠం చెప్పకుండా లెక్క ఇచ్చి పెనుగులాడనిచ్చి, ఆ తర్వాత పాఠం చెప్పిన పిల్లలకు, మొదటే పద్ధతి చూపించిన పిల్లల కంటే విషయం లోతుగా అర్థమైంది. అయితే పెనుగులాట తర్వాత పాఠం చెప్పి తీరాలి. పిల్లల్ని వాళ్ల మానాన వదిలేయమని ఆయన చెప్పలేదు.

సార్లకూ టీచరమ్మలకూ, ఇంట్లో ప్రోగ్రెస్ కార్డు చేతిలో పట్టుకున్న అమ్మానాన్నలకూ ఒక మనవి. ఈసారి షార్‌లో రాకెట్ లేచినప్పుడు పిల్లల్ని మిద్దె మీదకు తీసుకెళ్లండి. 1980 జులై 18 గురించి ఎలాగూ చెబుతారు. దానికంటే ముందు 1979 ఆగస్టు 10 గురించి చెప్పండి. ఆ రోజు విలేఖరుల ముందు ఎవరు కూర్చున్నారో కూడా చెప్పండి.