భాగం 5: చేతి అల్లిక కానుకలు – కొలత, దారం, శ్రమ లెక్క

5.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• నేత, ఊలు అల్లిక, క్రోషేల మధ్య గల నిర్మాణ భేదాన్ని వివరించగలుగుతారు.
• కానుక అందుకునే వ్యక్తికి, వాతావరణానికి తగిన దారాన్ని ఎంపిక చేయగలుగుతారు.
• నమూనా ముక్క ఆధారంగా కుట్ల సంఖ్యను లెక్కించగలుగుతారు.
• ఒక అల్లిక వస్తువులో ఇమిడి ఉన్న శ్రమను లెక్కగట్టి, ఆ లెక్క అవసరాన్ని చర్చించగలుగుతారు.

5.1 పరిచయం

పుట్టిన బిడ్డకు టోపీ, చలికాలంలో తండ్రికి మఫ్లరు, కొత్త కాపురం పెట్టిన స్నేహితురాలికి బల్లపై పరిచే గుడ్డ, బిడ్డను తొట్టెలలో వేసే రోజుకు మెత్తటి బొంత. ఇటువంటి వస్తువులు మన ఇళ్ళలో చేతితోనే తయారవుతుంటాయి. చేసినవారిని అడిగితే సాధారణంగా వచ్చే జవాబు ఒకటే: "ఖాళీగా ఉన్నప్పుడు చేసిన." ఆ మాటలో వినయం ఉంది, ప్రేమ ఉంది. అయితే అదే మాట వల్ల ఆ పని వెనుక ఉన్న గంటలు కనబడకుండా పోతాయి. కానుకగా ఇచ్చినంతకాలం దీనివల్ల నష్టం లేదు. అదే వస్తువును అమ్మవలసి వచ్చినప్పుడు మాత్రం ఈ అలవాటు చేసినవారికే నష్టం తెస్తుంది. కాబట్టి అల్లికలోని సాంకేతిక విషయాలతో పాటు శ్రమ లెక్కను కూడా ఈ భాగంలో నేర్చుకుందాం.

5.2 సిద్దిపేట పరిసరాల్లో దారపు పని

2016 అక్టోబరు 11న ఏర్పడిన సిద్దిపేట జిల్లాకు దారంతో పాత సంబంధం ఉంది. సిద్దిపేట గొల్లభామ చీర భౌగోళిక గుర్తింపు పొందిన చేనేత వస్త్రం. తలపై కుండతో నడిచే గొల్లభామ బొమ్మను ఈ చీరపై అద్దరు, కుట్టరు. నేస్తున్నప్పుడే అదనపు పేక దారాలతో గుడ్డలోకి ఎక్కిస్తారు. అందువల్ల బొమ్మ గుడ్డలో భాగమై ఉంటుంది.

తెలంగాణ పల్లెల్లో కురుమలు నేసే గొంగడి మరొక ఉదాహరణ. దక్కనీ గొర్రెల ఉన్నిని రాట్నంపై వడికి, పడుగుకు చింతగింజల గంజి పట్టించి, గుంత మగ్గంపై నేస్తారు. ఈ ఉన్ని గరుకైనది, దృఢమైనది. వానకు, చలికి, పరుపుగా వేసుకోవడానికి సరిపోతుంది. చర్మానికి గుచ్చుకుంటుంది కనుక పిల్లల స్వెట్టర్లకు పనికిరాదు. అందుకే గొర్రెలున్న ఊరిలో కూడా స్వెట్టరు అల్లడానికి ఊలు ఉండలను బజారులో కొనవలసి వస్తుంది.

మూడవది బొంత. పాత నూలు చీరలను మడతలుగా పరిచి, చేతి కుట్టుతో కలిపి కుడతారు. ఎన్నోసార్లు ఉతికిన గుడ్డ మెత్తబడి ఉంటుంది కాబట్టి పసిబిడ్డ చర్మానికి హాయిగా ఉంటుంది. అమ్మమ్మ చీరలు మనుమరాలి పక్కబట్టగా మారడం ఈ కానుకలోని ప్రత్యేకత.

ఈ మూడింటిలోనూ గమనించవలసిన అంశం ఒకటుంది. మగ్గంపై కూర్చున్న వ్యక్తి పని అందరికీ కనబడుతుంది. కండెలు చుట్టడం, ఉన్ని వడకడం, పాత చీరలు ఉతికి విప్పి సిద్ధం చేయడం వంటి పనులు ఎక్కువగా ఇంట్లోని స్త్రీలు చేస్తారు. వాటికి విడిగా లెక్క ఉండదు.

5.3 నేత, ఊలు అల్లిక, క్రోషే: భేదాలు

నేతలో రెండు వరుసల దారాలుంటాయి. నిలువుగా ఉండేది పడుగు, అడ్డంగా సాగేది పేక. ఇవి ఒకదానిని ఒకటి దాటుతూ పోతాయి కనుక నేసిన గుడ్డ అంతగా సాగదు.

ఊలు అల్లికలో ఒకే దారం ఉంటుంది. రెండు సూదుల సాయంతో ఆ దారాన్ని ఉచ్చులుగా మలచి, ఒక వరుస ఉచ్చులలోంచి మరొక వరుసను లాగుతారు. ఉచ్చు సాగి మళ్ళీ దగ్గరకు రాగలదు. అందుకే స్వెట్టరు, మేజోళ్ళు, టోపీ శరీరానికి అమరుతాయి. ఒక ఉచ్చు జారితే దాని కింది ఉచ్చులు కూడా వరుసగా విడిపోతాయి.

క్రోషేలో ఒకే సూది ఉంటుంది. దాని కొనకు చిన్న కొక్కెం ఉంటుంది. సాధారణంగా ఒక ఉచ్చును మాత్రమే సూదిపై నిలిపి, ప్రతి కుట్టును అక్కడికక్కడే ముగిస్తూ పోతారు. అందువల్ల తప్పు జరిగితే కొంతవరకు విప్పి సరిచేసుకోవడం తేలిక.

ఈ భేదానికి ఆర్థిక ప్రాముఖ్యం కూడా ఉంది. ఊలు అల్లికకు యంత్రం చాలాకాలం కిందటే వచ్చింది. ఇంగ్లండులో విలియం లీ 1589లో మేజోళ్ళు అల్లే యంత్రాన్ని రూపొందించాడు. నేడు బజారులో దొరికే స్వెట్టర్లలో అత్యధికం యంత్రం మీద అల్లినవే. క్రోషే సంగతి వేరు. చేతి క్రోషేకు సరిసమానమైన పని చేసే యంత్రం పరిశ్రమలో వాడుకలో లేదు. కాబట్టి తక్కువ ధరకు దొరికే క్రోషే వస్తువు చూసినప్పుడు, ఎవరో ఒకరు దానిని చేతితోనే చేశారని, ఆ తక్కువ ధర వారి కూలిలోంచి తగ్గినదై ఉండవచ్చని గుర్తించాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
1. అల్లిన గుడ్డ నేసిన గుడ్డ కంటే ఎక్కువగా సాగడానికి కారణమేమిటి?
2. దక్కనీ గొర్రెల ఉన్ని పిల్లల స్వెట్టర్లకు ఎందుకు పనికిరాదు?

5.4 దారం ఎంపిక

కానుక అందుకునే వ్యక్తి ఎవరు, ఏ కాలంలో వాడతారు, ఎవరు ఉతుకుతారు అనే మూడు ప్రశ్నలతో దారం ఎంపిక మొదలుపెట్టాలి.

నూలు దారం: చెమటను పీల్చుకుంటుంది. సాధారణ ఉతుకుడుకు తట్టుకుంటుంది. ఎండలు ముదిరే సిద్దిపేట ప్రాంతంలో సంవత్సరంలో ఎక్కువ నెలలకు ఇదే అనువైనది. పసిపిల్లల వస్తువులకు మొదట దీనినే పరిశీలించాలి.

ఉన్ని: వెచ్చదనం ఎక్కువ. అయితే వేడినీటిలో వేసి రుద్దితే పీచులు ఒకదానికొకటి పెనవేసుకుని, వస్తువు ముడుచుకుపోతుంది. చల్లటి నీటిలో మెల్లగా పిండి, తీగపై వేలాడదీయకుండా పరిచి ఆరబెట్టాలి.

ఆక్రిలిక్: బజారులో 'ఊలు' పేరుతో దొరికే చౌక ఉండలలో చాలావరకు ఇదే ఉంటుంది. రంగులు బాగుంటాయి, ఉతకడం తేలిక. కాని చెమటను పీల్చదు. నిప్పు తగిలితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. కాబట్టి పొయ్యి దగ్గర వాడే మసిగుడ్డలకు, చలిమంట దగ్గర కూర్చునేవారి శాలువలకు ఆక్రిలిక్ వాడరాదు.

పసిపిల్లల వస్తువులకు పూసలు, వదులుగా కుట్టిన గుండీలు, మెడకు కట్టే పొడవాటి తాళ్ళు పెట్టరాదు. పెద్ద రంధ్రాలుండే అల్లికలో చిన్న వేళ్ళు ఇరుక్కుంటాయి. చూపుకు అందంగా ఉన్నప్పటికీ ఇటువంటి నమూనాలను పెద్దల వస్తువులకే పరిమితం చేయాలి.

5.5 నమూనా ముక్క, కుట్ల లెక్క

పుస్తకంలో ఇచ్చిన కుట్ల సంఖ్యను యథాతథంగా తీసుకోరాదు. ఒకరి చేయి బిగువు, మరొకరి చేయి వదులు. అదే దారం, అదే సూదులతో ఇద్దరు అల్లినా వెడల్పు వేరుగా వస్తుంది. కాబట్టి ముందుగా సుమారు 15 సెంటీమీటర్ల చదరపు ముక్కను అల్లి, ఉతికి, ఆరబెట్టి, మధ్య భాగంలో 10 సెంటీమీటర్లకు ఎన్ని కుట్లు, ఎన్ని వరుసలు వచ్చాయో లెక్కించాలి. అంచులు ముడుచుకుంటాయి కనుక అక్కడ కొలవరాదు.

ఉదాహరణ: నవజాత శిశువు తల చుట్టుకొలత సుమారు 35 సెంటీమీటర్లు ఉంటుంది. అల్లిక సాగుతుంది కనుక టోపీ చుట్టుకొలతను 32 సెంటీమీటర్లుగా తీసుకుందాం. నమూనా ముక్కలో 10 సెంటీమీటర్లకు 22 కుట్లు వచ్చాయనుకుంటే, ఒక సెంటీమీటరుకు 2.2 కుట్లు.

32 × 2.2 = 70.4, అంటే 70 కుట్లు.

ఇప్పుడు మీ చేయి బిగువై 10 సెంటీమీటర్లకు 25 కుట్లు వచ్చాయనుకోండి. నమూనా ముక్క అల్లకుండా అవే 70 కుట్లు వేస్తే టోపీ చుట్టుకొలత 28 సెంటీమీటర్లే వస్తుంది. అది బిడ్డ తలకు బిగుసుకుంటుంది. అరగంటలో పూర్తయ్యే చిన్న ముక్కను మానడం వల్ల మూడు గంటల పని వృథా అవుతుంది.

5.6 శ్రమ లెక్క

అదే టోపీని తీసుకుందాం. ఎత్తు 15 సెంటీమీటర్లు, 10 సెంటీమీటర్లకు 30 వరుసలు అనుకుంటే మొత్తం 45 వరుసలు. పై భాగంలో కుట్లు తగ్గిస్తాం కనుక మొత్తం సుమారు 2,800 కుట్లు అనుకుందాం. నిమిషానికి 20 కుట్ల చొప్పున అల్లితే 140 నిమిషాలు పడుతుంది. నమూనా ముక్కకు 30 నిమిషాలు, అంచులు కలిపి కుట్టి ఉతకడానికి 40 నిమిషాలు కలిపితే మొత్తం 210 నిమిషాలు, అంటే మూడున్నర గంటలు.

దారానికి, ఇతర సామగ్రికి 40 రూపాయలు అయిందనుకుందాం. మీ ఊరిలో ఎనిమిది గంటల పనికి కూలి 400 రూపాయలనుకుంటే గంటకు 50 రూపాయలు. మూడున్నర గంటలకు 175 రూపాయలు. సామగ్రితో కలిపి టోపీ ఖర్చు 215 రూపాయలు. ఆ టోపీని 100 రూపాయలకు అమ్మితే చేతిలో మిగిలేది 60 రూపాయలు, అంటే గంటకు సుమారు 17 రూపాయలు. "దారం ఖర్చు పోను అరవై మిగిలాయి" అనుకునేవారు, కూలికి వెళ్తే వచ్చే దానిలో మూడవ వంతు మాత్రమే సంపాదించామని గమనించరు. పై ధరలు లెక్క అర్థం కావడానికి ఊహించినవి. మీరు మీ ఊరి ధరలతో ఈ లెక్కను తిరిగి వేసుకోవాలి.

5.7 నర్సాపూర్ లేసు: ఒక పాఠం

ఈ లెక్క వేయకపోతే ఏమవుతుందో తెలుసుకోవడానికి పశ్చిమ గోదావరి జిల్లా నర్సాపూర్ మంచి ఉదాహరణ. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా గోదావరి ప్రాంతానికి చేరిన క్రోషే లేసు పని అక్కడి ఇళ్ళలో స్థిరపడి, ఎగుమతి పరిశ్రమగా ఎదిగింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఈ స్త్రీల జీవితాన్ని అధ్యయనం చేసి 1982లో 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' అనే గ్రంథాన్ని ప్రచురించారు. స్త్రీలు ఇంటిపనితో పాటు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లుతున్నారని, వారు అల్లిన వస్తువులు విదేశాలకు వెళ్తున్నాయని ఆమె చూపించారు. అయినప్పటికీ వారిని కార్మికులుగా కాక, తీరిక వేళల్లో అల్లుకునే గృహిణులుగానే పరిగణించారు. పని 'తీరిక'గా పేరు పొందినందువల్ల కూలి అత్యల్పంగా ఉండిపోయింది. వ్యాపారం మాత్రం ఎక్కువగా పురుషుల చేతిలో ఉండేది.

నర్సాపూర్ లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. వస్తువుకు పేరు రావడం ఒక మేలు. కుట్టు కుట్టుకూ తగిన కూలి రావడం మరొక మేలు. మొదటిది వచ్చినంత మాత్రాన రెండవది దానంతట అదే రాదు.

5.8 కానుక, బదులు, అమ్మకం

శ్రమను లెక్కించడమంటే కానుకకు ధర చీటీ అంటించడం కాదు. చేతి పనిని మూడు విధాలుగా విడదీసి చూస్తే గందరగోళం తగ్గుతుంది.

కానుక: మీరు మీ ఇష్టంతో, మీకు వీలైన గడువులో చేసి ఇచ్చేది. దీనికి తిరిగి ఏమీ ఆశించం. అయినా ఎన్ని గంటలు పట్టిందో మీ నోటు పుస్తకంలో రాసుకోండి.

బదులు: నాట్లకు ఒకరికొకరు బదులుగా వెళ్ళినట్లే, "నీ బిడ్డకు టోపీ అల్లుతా, నా జాకెట్టు కుట్టిపెట్టు" అనే ఏర్పాటు. ఇక్కడ గంటలు ఇంచుమించు సమానంగా ఉండాలి.

అమ్మకం: ఇతరులు కోరిన రంగు, కొలత, గడువు ప్రకారం చేసేది. ఇందులో సామగ్రితో పాటు కూలి తప్పక కలపాలి. వదిన గారి స్నేహితురాలు "నాకూ నాలుగు చేసిపెట్టమ్మా" అని అడిగినప్పుడు అది కానుక పరిధి దాటిందని గుర్తించాలి. "దారం తెచ్చివ్వండక్కా, ఒక్కోదానికి నా కూలి ఇంత" అని మర్యాదగా చెప్పడం తప్పు కాదు. కొన్నవారు ఎంత చౌకగా తీసుకుంటే, అదే ఊరిలో అల్లికపై ఆధారపడి బతికే మరొకరి కూలి అంతగా తగ్గుతుంది. మహిళా సంఘంలో కలిసి ఒకే కూలి రేటు నిర్ణయించుకుంటే ఈ ఇబ్బంది కొంత తగ్గుతుంది.

5.9 సారాంశం

నేతలో పడుగు, పేకలు ఉంటాయి. ఊలు అల్లిక, క్రోషేలలో ఒకే దారం ఉచ్చులుగా మారుతుంది. దారాన్ని వాడేవారిని బట్టి, వాతావరణాన్ని బట్టి ఎంచుకోవాలి. నమూనా ముక్క లేకుండా కుట్ల సంఖ్య నిర్ణయించరాదు. ప్రతి వస్తువుకు సామగ్రి లెక్కతో పాటు సమయం లెక్క కూడా ఉండాలి. మూడున్నర గంటలు పట్టిందని తెలిసి ఇచ్చే టోపీ, తెలియక ఇచ్చే టోపీ కంటే తక్కువ ప్రేమ గలది కాదు. తానేమి ఇస్తున్నదో తెలిసి ఇచ్చిన కానుక అది.

5.10 అభ్యాసం

1. 10 సెంటీమీటర్లకు 18 కుట్లు వస్తే, 25 సెంటీమీటర్ల వెడల్పు గల మఫ్లరుకు ఎన్ని కుట్లు వేయాలి?
2. మీ ఇంట్లో చేతితో చేసిన ఒక వస్తువును తీసుకుని, దానిని తయారు చేసినవారితో మాట్లాడి, అన్ని దశలకు పట్టిన సమయాన్ని పట్టికగా రాయండి.
3. 'తీరిక వేళల పని' అనే భావన కూలిపై చూపే ప్రభావాన్ని నర్సాపూర్ ఉదాహరణతో చర్చించండి.

మొదటి ప్రశ్నకు జవాబు: 25 × 1.8 = 45 కుట్లు.