ఒడిలోకి వచ్చిన అమానతు

పసికందు మూసా (అలైహిస్సలాం)ను తల్లి నదిలో విడిచిన తర్వాత, ఆయన సోదరిని పిలిచి వెంట వెళ్ళి కనిపెట్టుకొని ఉండమని పురమాయించిన వృత్తాంతం దివ్య ఖుర్ఆన్‌లోని అల్ ఖసస్ సూరాలో ఉంది. ఆ బాలిక ఎవరికీ అనుమానం రాకుండా దూరం నుండే తమ్ముణ్ణి గమనిస్తూ వచ్చింది. శిశువు ఏ దాది పాలూ ముట్టడం లేదని గ్రహించి, వానిని శ్రద్ధగా సాకగల ఇంటివారిని తాను చూపగలనని ధైర్యంగా పలికింది. చివరకు బిడ్డ కన్నతల్లి ఒడికే చేరాడు.

ఆ సోదరి చేసిన పనులు మూడు: బిడ్డ మీది నుండి చూపు మరల్చలేదు, బిడ్డ అవసరాన్ని గుర్తించింది, బిడ్డను తల్లికి చేర్చింది. పరుల బిడ్డను కొన్ని గంటలపాటు చూసుకొనే ప్రతి ఒక్కరి బాధ్యతా ఈ మూడింటిలోనే ఇమిడి ఉంది.

నేడు ఈ బాధ్యత మన ఇళ్ళలో తరచుగా చిన్నవయసు ఆడపిల్లల మీద పడుతున్నది. బాలింతకు డిగ్రీ పరీక్ష ఉంటుంది, లేదా ఆస్పత్రికి వెళ్ళవలసి వస్తుంది. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజన చట్టం 26 వారాల వేతన సెలవును కల్పించినప్పటికీ, అది అందని చిన్న కొలువులలో ఉన్న తల్లులు మూడు నెలలైనా నిండకముందే పనిలో చేరుతున్నారు. దాదీ, నానీ దూరపు ఊళ్ళలో ఉంటారు. అప్పుడు రెండు నెలల బిడ్డ పద్దెనిమిదేండ్ల ఖాలా ఒడిలోకో, కొత్తగా కాపురానికి వచ్చిన చాచీ ఒడిలోకో చేరుతుంది. ప్రేమకు కొదవ ఉండదు. అయితే ఇక్కడ ప్రేమకు తోడు తెలివిడి కూడా కావాలి. ప్రతి ఒక్కరూ ఒక కాపరి వంటివారేననీ, తమ సంరక్షణలో ఉన్నవారి గురించి ప్రశ్నింపబడతారనీ దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) హెచ్చరించారు. కొన్ని గంటల కాపరితనానికీ ఆ హెచ్చరిక వర్తిస్తుంది.

బాధ్యత స్వీకరించే ముందు

తల్లి గడప దాటకముందే కొన్ని విషయాలు అడిగి, కాగితం మీద రాసుకోవాలి. బిడ్డ చివరిసారి పాలు తాగింది ఎప్పుడు? మళ్ళీ ఎప్పుడు ఆకలి వేయవచ్చు? ఇవ్వవలసిన మందు ఏమైనా ఉందా? ఏ వైద్యుని వద్ద చూపిస్తున్నారు? ఫోను అందకపోతే ఎవరిని పిలవాలి? ఈ ప్రశ్నలు అడగడం చేతకానితనం కాదు. అడిగినందువల్ల తల్లికి నమ్మకం పెరుగుతుందే గాని తరగదు.

మనకు జలుబు, దగ్గు, జ్వరం ఉంటే ఆ మాట దాచరాదు. పెద్దవారికి సాధారణమైన జలుబు నెలల శిశువుకు శ్వాసకష్టంగా పరిణమించవచ్చు. మొహమాటంతో ఒప్పుకొనేకంటే, ఈ రోజు వీలుకాదని చెప్పడమే అమానతు పట్ల నిజాయితీ. ఎత్తుకొనే ముందు చేతులు సబ్బుతో శుభ్రంగా కడుక్కోవాలి. గీరుకొనే గాజులు, ఉంగరాలు తీసివేయాలి. మెడ నిలిచేదాకా, అంటే సుమారు మూడు నాలుగు నెలల వరకు, బిడ్డను ఎప్పుడు ఎత్తినా ఒక చేయి తల, మెడ కింద ఉండాలి.

చూపు మరల్చకుండా

శిశువును పగలైనా రాత్రయినా వెల్లకిలా పడుకోబెట్టాలి. పరుపు గట్టిగా, చదునుగా ఉండాలి. ముఖం చుట్టూ దిండ్లు, బొంతలు, మెత్తని బొమ్మలు ఉంచరాదు. ముక్కుకు అడ్డం పడిన వస్త్రాన్ని తొలగించుకొనే శక్తి ఆ చేతులకు లేదు. బిడ్డను గుండెల మీద పెట్టుకొని సోఫాలో కునుకు తీయడం మరింత ప్రమాదకరం. చీరతో కట్టిన ఉయ్యాలలో బిడ్డ గడ్డం ఛాతీకి ఒరిగి ఊపిరికి అడ్డు రావచ్చు. గాఢనిద్ర పట్టిన తర్వాత చదునైన పరుపు మీదికి మార్చడమే క్షేమం. మంచం అంచున పడుకోబెట్టి, ఇంకా దొర్లడం రాదులే అనుకొని వంటగదిలోకి వెళ్ళడం తగదు. మొదటిసారి దొర్లే రోజును ఏ బిడ్డా ముందుగా చెప్పదు.

ఏడుపు చెప్పే మాట

నమాజును దీర్ఘంగా చేయాలన్న ఉద్దేశంతో ప్రారంభించి కూడా, పసిబిడ్డ ఏడుపు వినిపించగానే ఆ తల్లి పడే ఆందోళనను తలచి దైవప్రవక్త (స) నమాజును సంక్షిప్తం చేసేవారని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించారు. మస్జిదులోనే పసివాని ఏడుపుకు అంతటి మన్నన లభించగా, ఇంట్లో దానిని విసుగుతో వినడం మనకు శోభించదు.

ఆకలికి ఏడుపు చివరి సూచన. అంతకు ముందే బిడ్డ పిడికిలి నోట్లో పెట్టుకొంటుంది, తల అటూ ఇటూ తిప్పుతూ రొమ్ము కోసం వెదుకుతుంది. ఆ సూచనలు గమనించి అప్పుడే పాలు పట్టాలి. తల్లి పిండి ఉంచిన పాలు 25 డిగ్రీల సెల్సియస్ మించని గదిలో 4 గంటల వరకు, ఫ్రిజ్‌లో 4 రోజుల వరకు నిలుస్తాయి. మన వేసవిలో గది వేడిని నమ్ముకోక వెంటనే ఫ్రిజ్‌లో ఉంచడం మేలు. పాలను పొయ్యి మీదా, మైక్రోవేవ్‌లోనూ కాచరాదు; గిన్నెను గోరువెచ్చని నీటిలో ఉంచితే చాలు. శుభ్రం చేసిన ఉగ్గుగిన్నెతోనో చెంచాతోనో, తల కొంచెం ఎత్తి పట్టి, నిదానంగా పట్టాలి. బిడ్డ తాగగా మిగిలిన పాలను 2 గంటల తర్వాత వాడరాదు. తర్వాత భుజానికి ఆనించుకొని వీపు నిమిరితే త్రేన్పు వస్తుంది.

కడుపు నిండినా, పొత్తిగుడ్డ పొడిగా ఉన్నా కొందరు శిశువులు ఏడుస్తూనే ఉంటారు. ఆరు వారాల వయసు ప్రాంతంలో ఈ ఏడుపు హెచ్చుగా ఉండి, మూడు నాలుగు నెలలకు తగ్గుముఖం పడుతుంది. మన సహనం సన్నగిల్లుతున్నట్లు తోస్తే, బిడ్డను క్షేమమైన చోట వెల్లకిలా ఉంచి, కొద్ది నిమిషాలు పక్కకు వచ్చి ఊపిరి పీల్చుకొని, తల్లికి ఫోను చేయాలి. ఉయ్యాలను మెల్లగా ఊపడం వేరు, బిడ్డను భుజాలు పట్టి కుదపడం వేరు. ఒక్క కుదుపుకు మెదడులో రక్తస్రావమై ప్రాణం పోవచ్చు.

పాల బంధం

ముస్లిం కుటుంబాలు ప్రత్యేకంగా తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. ఇంట్లో మరొక బాలింత ఉన్నప్పుడు, ఏడ్చే బిడ్డను చూసి జాలితో తన పాలు పట్టడం సహజం. పాలిచ్చి పెంచడం మన ధర్మంలో గౌరవనీయమైన సేవ. హజ్రత్ హలీమా సాదియా (రజి) పేరు తెలియని ముస్లిం ఇల్లు ఉండదు. అయితే ఆ సేవతో ఒక శాశ్వత బంధం ఏర్పడుతుంది. పాలిచ్చిన స్త్రీ ఆ బిడ్డకు తల్లి అవుతుంది. ఆమె సంతానం తోబుట్టువులవుతారు. పాలతల్లులతో, పాల తోబుట్టువులతో నికాహ్‌ను అన్ నిసా సూరా నిషేధించింది. హనఫీ పండితుల దృష్టిలో పాలు తాగే వయసులో కొద్దిపాటి పాలు ఒక్కసారి కడుపులోకి చేరినా బంధం స్థిరపడుతుంది. షాఫయీ పండితులు ఐదు వేర్వేరు మార్లు తాగడాన్ని పరిగణిస్తారు. రొమ్ము నుండి కాక గిన్నెతో పట్టినా ఫలితం అదే.

ఖాలా బిడ్డలకూ మామూ బిడ్డలకూ సంబంధాలు కలుపుకొనే మన కుటుంబాలలో, ఇరవై ఏండ్ల తర్వాత నికాహ్ మాటలు సాగుతున్న వేళ ఈ సంగతి ఎవరికో గుర్తుకు వస్తే రెండు ఇళ్ళూ కలవరపడతాయి. కనుక తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఎవరూ బిడ్డకు పాలివ్వరాదు. అవసరపడి ఇస్తే ఆ సంగతిని రెండు కుటుంబాలూ రాసి ఉంచుకోవాలి.

అలవాట్లు, జాగ్రత్తలు

దైవప్రవక్త (స) నవజాత శిశువులకు నమిలిన ఖర్జూరంతో తహ్నీక్ చేసిన ఉల్లేఖనాలు మనకు తెలుసు. అది తల్లిదండ్రులు తమ బిడ్డకు పుట్టిన వేళ చేయించుకొనే కార్యం. దానిని ఆధారం చేసుకొని, ఏడ్చినప్పుడల్లా తేనె నాకించడం సరి కాదు. ఏడాది నిండని బిడ్డకు తేనె వల్ల బోటులిజం అనే తీవ్ర వ్యాధి రావచ్చు. ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు తాగే బిడ్డకు మంచినీరు కూడా అవసరం లేదు. సీసం కలిసిన సుర్మా, కాటుక కంటికే కాక మెదడుకూ హానికరం. సాంబ్రాణి పొగ లేత ఊపిరితిత్తులకు పడదు. మెడలోని తాడు ఉరిగా బిగుసుకోవచ్చు. బిడ్డకు అల్లాహ్ రక్షణ కోరదలచినవారికి దుఆ ఉంది. ప్రియ మనుమలు హసన్, హుసైన్ (రజి)ల కోసం దైవప్రవక్త (స) స్వయంగా దుఆ చేస్తూ అల్లాహ్ శరణు వేడేవారు.

పెద్దవారెవరైనా ఇటువంటి అలవాటును పాటించమని పట్టుబడితే వారితో వాదానికి దిగనవసరం లేదు. "దాదీమా, బిడ్డ నాకు అమానతు. వాళ్ళమ్మ వచ్చాక అడిగి చేద్దాం" అంటే వారి గౌరవమూ, బిడ్డ క్షేమమూ రెండూ నిలుస్తాయి.

ఆలస్యం చేయరాని వేళ

మూడు నెలల లోపు బిడ్డకు 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ జ్వరం ఉంటే అదే రోజు కాదు, అప్పుడే వైద్యుని వద్దకు తీసుకొనిపోవాలి. పాలు తాగలేకపోవడం, లేపినా మగతగా ఉండడం, ఒళ్ళు చల్లబడడం, ఫిట్స్ రావడం, పెదవులు నీలబడడం, ఊపిరి తీసేటప్పుడు డొక్కలు లోపలికి పోవడం, రెండు నెలల లోపు బిడ్డ నిమిషానికి 60 లేదా అంతకు మించి శ్వాసలు తీయడం కూడా ప్రమాద సూచనలే. తల్లి వచ్చాక చూద్దామని ఆగరాదు. 108కి ఫోను చేసి, ఆ వెంటనే తల్లిదండ్రులకు తెలపాలి.

నమాజు సమయంలో

తన మనుమరాలు ఉమామాను ఎత్తుకొని దైవప్రవక్త (స) నమాజు చేయించారనీ, సజ్దాకు వెళ్ళేటప్పుడు దించి, లేచేటప్పుడు తిరిగి ఎత్తుకొనేవారనీ హజ్రత్ అబూ ఖతాదా (రజి) తెలిపారు. కనుక బిడ్డ ఉన్నదని నమాజు మాననవసరం లేదు. బిడ్డ కంటికి కనిపించే చోట చేసుకోవచ్చు. బిడ్డ ప్రాణానికి ముప్పు తోస్తే నమాజును మధ్యలో విరమించి కాపాడవలసిందేనని ధర్మశాస్త్ర పండితులు చెప్పారు. శిశువు మూత్రం పడిన వస్త్రాన్ని హనఫీ ఫిఖ్హ్ ప్రకారం కడగవలసి ఉంటుంది గనుక, నమాజు కోసం ఒక జత దుస్తులు వేరుగా ఉంచుకోవడం సులువు.

తల్లికి అప్పగించేటప్పుడు

తల్లి రాగానే ఎన్నిసార్లు పాలు పట్టామో, ఎన్ని పొత్తిగుడ్డలు మార్చామో, ఎంతసేపు నిద్రించిందో చెప్పాలి. బిడ్డ జారినా, తలకు తగిలినా, పొరపోయినా దాచకుండా చెప్పాలి. మందలింపు భయంతో దాచిన మాట వైద్యం అందవలసిన సమయాన్ని హరిస్తుంది. తల్లి కూడా చెప్పినవారిని తూలనాడక, నిజం చెప్పినందుకు ఆదరించాలి. లేకపోతే మరుసటిసారి ఎవరూ నిజం చెప్పరు.

బిడ్డను చూసుకొనేందుకు పనిమనిషిని నియమించుకొన్న వారికి మరొక బాధ్యత ఉంది. పరులచేత పాలిప్పించుకొన్నప్పుడు వారికి ఇవ్వవలసిన ప్రతిఫలాన్ని న్యాయంగా చెల్లించాలని అల్ బఖరా సూరా ఆదేశిస్తున్నది. మన బిడ్డను కంటికి రెప్పలా కాచిన స్త్రీకి వేతనం ఎగవేయడమో, ఆలస్యం చేయడమో ఆ ఆదేశ స్ఫూర్తికి విరుద్ధం. ఆమె ఇంట్లోనూ ఒక పసిబిడ్డ తల్లి కోసం ఎదురుచూస్తూ ఉండవచ్చునన్న సంగతి మనం మరువరాదు.

మన చేతికి అందిన ప్రతి పసికందునూ క్షేమంగా తల్లి ఒడికి చేర్చే వివేకాన్ని, సహనాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించు గాక! ఆమీన్.