దారిలో గడచిన దినము

వేరుసెనగ ఎండిన యేట అనంతపురపు మెట్ట పల్లెలనుండి పలువురు కూలీలు మేస్త్రీల వెంట బెంగుళూరు చేరుదురు. గడప దాటిన దినముననే వారి ప్రయాస మొదలగును. కూలి మాత్రము తట్ట ఎత్తిన నాడు గాని మొదలుకాదు.

ఈ అన్యాయమును 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టము గుర్తించినది. కంట్రాక్టరు మూలమున పొరుగు రాష్ట్రమునకు పోవువారికి రానుపోను ఛార్జీలు, ప్రయాణ దినములకు కూలి, ఇల్లు విడిచినందుకు నెలజీతములో సగము గాని 75 రూపాయలు గాని, ఏది యెక్కువైన అది, ఈయవలెనని శాసించినది. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రతా స్మృతిలో ఛార్జీ మాట నిలిచినది. తక్కిన రెండును తొలగినవి.

బడిలో లెక్కలు నేర్చు బాలుడు తండ్రి పనిదినములను కూడునప్పుడు, దారిలో గడచిన దినమును ఏ పద్దున వ్రాయవలెను?