ఇంటికి వచ్చిన సిపాయి

మీ ఊళ్ళోనో, పక్క ఊళ్ళోనో ‘మిలిటరీ ఆయన’ అని అందరూ పిలిచే మనిషి ఒకరు ఉండే ఉంటారు. ఆయనకు పేరుంది, ఇంటిపేరుంది. అయినా సైన్యం వదిలి ఇరవై ఏళ్ళయిన తరవాత కూడా ఊరు ఆయనను అలాగే పిలుస్తుంది. గత పాఠంలో మన సైన్యం నిర్మాణాన్ని, విధులను గురించి చదివారు. ఈ పాఠంలో సైన్యం నుంచి బయటికి వచ్చిన మనిషిని గురించి తెలుసుకుందాం. ఆయన దేన్ని తలచుకుంటాడు? మామూలు జీవితంలో ఎక్కడ తడబడతాడు? ఆయన కోసం ఉన్న ఏర్పాట్లు ఏమిటి?

ముందుగా ఒక విషయం గమనించండి. ‘రిటైరయ్యాడు’ అనగానే తల నెరిసిన గుమాస్తానో, బడిపంతులో మన కళ్ళ ముందు మెదులుతాడు. సైన్యంలో అలా కాదు. కొండలెక్కడం, బరువులు మోయడం, రాత్రుళ్ళు కాపలా కాయడం వయసులో ఉన్నవారి పని. కాబట్టి పద్దెనిమిదో ఏటో, ఇరవయ్యో ఏటో సిపాయిగా చేరినవాడు పదోన్నతి రాకపోతే ముప్పై అయిదుకూ నలభైకీ మధ్యనే పెట్టె సర్దుకుంటాడు. నాయక్, హవల్దార్ మెట్లు దాటి సుబేదార్ మేజర్ దాకా వెళ్ళిన కొద్దిమందే యాభై దాటేవరకూ ఉంటారు. త్రివిధ దళాలనుంచి ఇలా ఏటా సుమారు 60,000 మంది బయటికి వస్తారు. అదే వయసు బడిపంతులు ఇంకో ఇరవై ఏళ్ళు పాఠం చెబుతాడు. అంటే మాజీ సైనికుడి సమస్య ముసలితనం కాదు. సగం బతుకు మిగిలి ఉండగా, పిల్లలు ఇంకా బడిలో ఉండగా, కొత్త పని వెతుక్కోవలసి రావడం.

తలచుకునేది దేన్ని?

పాత సైనికులు ఇద్దరు రైలులో ఎదురైతే మొదట అడిగే మాట ‘ఏ పల్టన్?’ అని. కులం, ఊరు తరవాత సంగతి. మద్రాసు రెజిమెంటులో పనిచేసిన తెలుగువాడికి నీలగిరి కొండల్లోని వెల్లింగ్టన్ రెండో పుట్టిల్లు. అక్కడ నేర్చిన పరేడు, తోటి తమిళ, మలయాళ, కన్నడ జవాన్లతో కలిసి తిన్న లంగరు భోజనం, ఏడాదికో రెండు సార్లో జరిగే బడాఖానా ఆయన మాటల్లో తరచు వస్తాయి. బడాఖానా అంటే ఆఫీసర్లు, జవాన్లు కలిసి భోంచేసే విందు. రోజూ సెల్యూట్ కొట్టించుకునే మేజర్ సాబ్ ఆ రోజు గరిటె పట్టి వడ్డిస్తాడు. ఆ ఒక్క పూట భోజనాన్ని జవాను జీవితాంతం మరిచిపోడు.

చిత్రమేమిటంటే, కష్టపడిన చోట్లనే ఎక్కువగా తలచుకుంటారు. 1984 నుంచి మన సైన్యం కాపలా కాస్తున్న సియాచిన్ మంచుగడ్డ మీద గాలి చాలదు, వేళ్ళు గడ్డకడతాయి, నిద్ర పట్టదు. అక్కడున్నప్పుడు రోజులు లెక్కపెట్టుకున్న మనిషే ఇంటికి వచ్చాక ఆ టెంటును, ఆ కిరోసిన్ స్టౌను, పక్కన పడుకున్న పంజాబీ జవానును పదేపదే చెబుతాడు. ఆయనకు యుద్ధం మీద ప్రేమ అనుకుంటే పొరపాటు. పక్కవాడి ప్రాణం తన చేతిలో, తన ప్రాణం పక్కవాడి చేతిలో ఉన్న రోజులవి. అంతటి నమ్మకం పొలం గట్టు తగాదాల్లో దొరకదు. మరో కారణం కూడా ఉంది. సైన్యంలో మనిషి విలువ భుజం మీద పట్టీలుగా కనిపిస్తుంది. మండల కార్యాలయం ముందు వరుసలో నిలబడ్డప్పుడు ఆ పట్టీలు ఉండవు.

ఇంట్లో మొదటి ఏడాది

ఏడాదికి రెండు నెలల వార్షిక సెలవు మీద వచ్చేటప్పుడు ఆయన ఇంటికి చుట్టం. కోడిని కోస్తారు, బంధువులు వస్తారు. శాశ్వతంగా వచ్చిన తరవాత అలా జరగదు. ఇన్నేళ్ళూ అప్పు, సప్పు, పిల్లల ఫీజు, పొలం కౌలు అన్నీ చూసుకున్నది భార్య. ఆమెకు తన పద్ధతి ఉంది. ఆయన వచ్చీ రాగానే చెప్పులు వరుసగా పెట్టమంటాడు, అయిదింటికి లేవమంటాడు. పిల్లలు భయపడతారు లేదా నవ్వుతారు. చాలా ఇళ్ళలో మొదటి ఏడాది గొడవలకు మూలం ఇదే. తప్పు ఎవరిదీ అనలేం. అయితే సర్దుకోవలసిన భారం ఎప్పుడూ ఆయనదే అన్నట్టు మాట్లాడతారు గాని, సగం భారం ఆవిడ మీద పడుతుందన్నది మన పుస్తకాల్లో తక్కువగా కనిపిస్తుంది.

డబ్బు విషయం కొంచెం జాగ్రత్తగా చదవండి. జవానుకు పూర్తి సర్వీసు పింఛను రావాలంటే కనీసం 15 ఏళ్ళ సర్వీసు ఉండాలి. పింఛనులో సగం వరకు ముందుగానే ఏకమొత్తంగా తీసుకునే వీలుంది. ఆ భాగం 15 ఏళ్ళ తరవాతనే తిరిగి నెలపింఛనులో కలుస్తుంది. ఒక్కసారిగా చేతికొచ్చిన డబ్బు చెల్లెలి పెళ్ళికో, డాబా ఇంటికో ఖర్చవుతుంది, తరవాత నెలనెలా వచ్చేది చాలదు. అప్పుడు బ్యాంకు గుమ్మం దగ్గర తుపాకీ పట్టుకుని కూర్చునే ఉద్యోగం వెతుక్కుంటాడు. ఫిరంగి గురి లెక్కలు కట్టిన మనిషికీ, వైర్‌లెస్ సెట్లు బాగుచేసిన మనిషికీ ఊరు చూపే పని ఇదే కావడం విచారకరం.

ఇక్కడ చదువు ఉపయోగపడుతుంది. కేంద్ర ప్రభుత్వ శాఖల్లో గ్రూప్ సి ఉద్యోగాల్లో మాజీ సైనికులకు 10 శాతం కేటాయింపు ఉంది. మెట్రిక్ గాని, దానికి సమానంగా సైన్యం ఇచ్చే ప్రత్యేక విద్యా సర్టిఫికెట్ గాని ఉండి 15 ఏళ్ళు సర్వీసు చేసినవారిని, డిగ్రీ కావలసిన కొన్ని గ్రూప్ సి ఉద్యోగాలకు కూడా అర్హులుగా పరిగణిస్తారు. ఈ సంగతి తెలియక దరఖాస్తు పెట్టనివారు ఉన్నారు. వైద్యానికి 2003 నుంచి మాజీ సైనికుల ఆరోగ్య పథకం నడుస్తోంది. ‘ఒకే హోదా, ఒకే పింఛను’ 2015లో ప్రకటించి 2014 జులై 1 నుంచి వర్తింపజేశారు. అన్నిటికీ మొదటి గుమ్మం జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం. ఇంకొక్క మాట: డిశ్చార్జి పుస్తకంలో భార్య పేరు, పుట్టిన తేదీ ఆధార్ కార్డులోలాగే ఉన్నాయో లేదో ఆయన బతికుండగానే చూసుకోవాలి. అక్షరం తేడా వస్తే కుటుంబ పింఛను కోసం ఆమె కార్యాలయాల చుట్టూ తిరగవలసి వస్తుంది.

అందరికీ ఒకే స్వాగతం దొరకదు

1987 నుంచి 1990 వరకు మన శాంతిదళం శ్రీలంకలో ఉంది. సుమారు 1,200 మంది సైనికులు అక్కడ చనిపోయారు. 1990 మార్చిలో చివరి దళాలు ఓడల్లో మద్రాసు చేరినప్పుడు అప్పటి తమిళనాడు ముఖ్యమంత్రి ఎం. కరుణానిధి స్వాగత కార్యక్రమానికి వెళ్ళలేదు. లంక తమిళుల మీద జరిగిన దాడులకు అది ఆయన నిరసన. ఆ రాజకీయం మాట ఎలా ఉన్నా, ఆజ్ఞ పాటించి వెళ్ళి వచ్చిన జవానుకు మాత్రం చెప్పుకోవడానికి విజయ కథ మిగల్లేదు. 1999 కార్గిల్ యుద్ధం నుంచి వచ్చినవారికి పూలదండలు దొరికాయి. ఇద్దరూ మంచి సైనికులే.

మన సైన్యంలో పనిచేసిన నేపాలీ గూర్ఖాలు సరిహద్దు దాటి తమ కొండ ఊళ్ళకు వెళ్ళిపోతారు. వారి కోసం భారత ప్రభుత్వం ఖాట్మండు, పోఖరా, ధరాన్‌లలో పింఛను కార్యాలయాలు నడుపుతోంది. మన దగ్గర తాడేపల్లిగూడెం ప్రాంతంలోని మాధవరం రెండు ప్రపంచ యుద్ధాల కాలం నుంచీ సైన్యానికి మనుషులను పంపుతూ ‘మిలిటరీ మాధవరం’ అనిపించుకుంది. అలాంటి ఊళ్ళో తిరిగి వచ్చినవాడు ఒంటరి కాడు. తండ్రో, మేనమామో ఆ మొదటి ఏడాదిని ముందే దాటి ఉంటారు.

2022లో వచ్చిన అగ్నిపథ్ పథకంతో ఈ ప్రశ్న కొత్త వయసుకు దిగింది. అగ్నివీరుడి సర్వీసు నాలుగేళ్ళు. గరిష్ఠంగా 25 శాతం మందిని సైన్యంలో కొనసాగిస్తారు. మిగిలినవారు పింఛను లేకుండా, సుమారు 11.71 లక్షల రూపాయల సేవానిధితో, ఇరవై నాలుగు ఇరవై అయిదేళ్ళ లోపే ఇల్లు చేరతారు. పదో తరగతితో చేరినవారు పన్నెండో తరగతి పూర్తి చేసుకునేందుకు జాతీయ సార్వత్రిక పాఠశాల విద్యా సంస్థ ద్వారా ప్రత్యేక ఏర్పాటును 2022లోనే ప్రకటించారు. కాబట్టి మీ అధ్యయన కేంద్రంలో రేపు మీ పక్క బల్ల మీద అలాంటి విద్యార్థి కూర్చోవచ్చు.

మీరే చేయండి

మీ ఊళ్ళోని మాజీ సైనికుణ్ణి గాని, ఆయన భార్యను గాని కలవండి. యుద్ధం గురించి ముందే అడగకండి. ఏ పల్టన్, ఏ ఊళ్ళు తిరిగారు, ఇంటికి వచ్చిన మొదటి ఏడాది ఎలా గడిచింది అని అడగండి. వారు చెప్పింది వారి మాటల్లోనే ఒక పేజీ రాసి, తరవాతి తరగతికి తీసుకురండి.